రెండు గిలాసల చాయ్

మా ముత్తాత రంగారావు దొర చుట్టుపట్టు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం చెరువు కట్ట మీదికి వచ్చాకనే తూము ఎత్తేవారని చెప్పేవాళ్లు. ఆయన కొడుకు గోపాలరావు దొర, అంటే మా తాత, ఊరికి పటేల్. వాళ్ల వారసుణ్ణి నేను. నిన్న పొద్దున జగిత్యాలలో మా అద్దె ఇంటి మెట్లు దిగుతుంటే పక్కవాటా నుంచి కాఫీ వాసన వచ్చింది. ప్యాకెట్టు పొడి వాసన. అసలు కాఫీ ఎరిగిన ముక్కుకు ఆ తేడా తెలుస్తుంది కాబట్టి ఆగకుండా దిగిపోయాను. కానీ వాసన వీధి మలుపు దాకా నా వెంటే వచ్చింది.

జగిత్యాల నుంచి గొల్లపల్లి పోయే దారికి కాస్త లోపలగా ఉన్న మా ఊళ్లో అందరూ చాయ్ తాగేవారు, కోటలాంటి మా ఇంట్లో, అంటే గడీలో, మాత్రం కాఫీ. ముత్తాత కంటి ఆపరేషన్‌కు మద్రాసు వెళ్లి, చూపుతో పాటు ఇత్తడి ఫిల్టరు కూడా తెచ్చుకున్నారట. నాయనమ్మ ఇనుప మూకుట్లో గింజలు వేయిస్తుంటే, వాకిట్లో చిర్రగోనె ఆడుతున్న మేం కర్ర వదిలేసి వంటింటి గడప దగ్గర చేరేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో నువ్వుల సద్ది వాసన, తంగేడు పూల పచ్చి వాసన, పెరట్లో కాగే గుమ్మడికాయ పులుసు వాసన, అన్నింటినీ తోసుకుని ఆ మాడు వాసన గడీ బయటి దాకా పోయేది. చాయ్ పనివాళ్లదనీ కాఫీ మనదనీ మాకు అక్షరాల కంటే ముందు తెలుసు.

అవి అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లలోకి రావడం మొదలైన రోజులు. ఒక దసరా వెళ్లాక మా ఊళ్లోనూ రైతుకూలీ సంఘం పుట్టింది. వెట్టి మానాలనీ, మేం కలుపుకున్న బంజరు వదలాలనీ అడిగింది. మా తాత కుదరదన్నారు. గడీకి ఎవరూ పనికి పోవద్దని సంఘం చాటింపు వేసింది. చాకలి రాలేదు, మంగలి రాలేదు, చెరువు కింద పండిన వరి కోసేవాళ్లు లేక గింజ రాలడం మొదలైంది. వారం దాటితే పంట మట్టిపాలే. ఆ సంగతి పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను గానీ, నాకు కళ్లారా కనిపించింది మాత్రం పాలు ఆగిపోవడం.

కొట్టంలో బర్రెలున్నాయి, పొదుగుల నిండా పాలున్నాయి, పితకడం మాలో ఒక్కరికీ రాదు. ఆ పని మా జీతగాడు మల్లయ్యది. బర్రెలకు కూడా మల్లయ్య తప్ప ఇంకొకరి చెయ్యి పడదు. పాలు లేక కాఫీ లేదు, కాఫీ లేక మా తాతకు తలనొప్పి. తలకు తువ్వాలు బిగించుకుని నుదుటికి శొంఠి పట్టు వేసుకుని, ఎవరు పలకరించినా కసురుకునేవారు. చివరికి నాయనమ్మే ఉపాయం చెప్పింది.

"మల్లిగాని గొంగడి కొట్టంల వేలాడుతున్నది. కప్పుకుని కూసోండ్రి. బర్రె వాసన వట్టుకుని వాడే అనుకుంటది."

మా తాత గొంగడి కప్పుకున్నారు. దేశ్‌ముఖ్ రంగారావు దొర కొడుకు తన జీతగాడి గొంగడిలో బర్రె కింద కూర్చున్నారు. బర్రె ఒకసారి వాసన చూసింది, ఇంకోసారి చూసింది, తర్వాత తన్నింది. ఆయన గడ్డివాము పక్కన పడ్డారు, చెంబు మేత వేసే గాడి కింద దొరికింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు, అది మా ఇంటి క్రమశిక్షణ.

ఆ మధ్యాహ్నమే మా తాత రాజీకి వస్తానని కబురు పంపారు. వరి కోసమని ఇంట్లో అందరూ అన్నారు.

బడి వరండాలో జంపఖానా పరిచారు. వెట్టి మానడానికీ, బంజరు వదలడానికీ మా తాత ఒప్పుకున్నారు. రాజీ కుదిరితే రెండు పక్షాలూ కలిసి కూర్చుని కల్లు తాగడం మా దిక్కు ఆనవాయితీ. సంఘం తాగుడు వద్దన్నది కాబట్టి, కల్లుకు బదులు బోగోనిలో చాయ్ మరగబెట్టారు. అందరికీ ఒకే బోగోని, ఒకే రకం గిలాసలు. తాగకపోతే రాజీ లేనట్టే. మల్లయ్య గిలాస అందిస్తే మా తాత చెయ్యి చాచలేదు.

"నాకు పడది. డాక్టరు వద్దన్నడు. అండ్ల కెఫీన్ ఉంటదట, గుండె దడ వస్తది."

డాక్టరు ఆ మాట చెప్పింది కాఫీ గురించి. నేనూ ఆనాడు పక్కనే ఉన్నాను.

సంఘం నాయకుడు శంకర్ జగిత్యాలలో బీఎస్సీ మధ్యలో వదిలి వచ్చినవాడు. వాడికి ఎక్కడలేని హుషారు వచ్చింది.

"మరి మీ కాఫీల ఏమున్నది పెద్దాయనా? గదే కెఫీన్. చాయ్ కన్న కాఫీలనే ఎక్కువ."

మా బడి పంతులు ఊరుకోలేదు. "గట్లెట్ల చెప్తవు శంకర్? చాయ్‌పత్తి, కాఫీపొడి సమానంగ తూకమేస్తే పత్తిలనే ఎక్కువ."

"పత్తి బుక్కుతమా సార్? చాయ్‌కి చిటికెడు పత్తి ఏస్తం, కాఫీకి చెంచాలకు చెంచాలు పొడి. గిలాసకు గిలాస వెడితే కాఫీదే పైచెయ్యి."

"మా బామ్మర్ది సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలు నడుపుతడు," అన్నాడు మల్లయ్య. "చాయ్ తాగి రాత్రిపాళి కన్ను మూయడు. మరి గదెట్ల?"

"ఎన్ని తాగుతడే?" అన్నాడు శంకర్.

"లెక్కుంటదా అన్నా!"

అందరూ నవ్వారు. మా తాత నవ్వలేదు. కాఫీదే పైచెయ్యి అన్న మాట దగ్గర ఆయన నడుము నిటారైంది. పొలం వైపు ఒకసారి చూశారు.

"ఓ పిల్లగా, నేను తాగే ఒక్క కాఫీకి గీ చాయ్ ఎన్నయితయి?"

శంకర్ తడుముకున్నాడు. "రెండనుకోండ్రి."

"అయితే రెండు పొయ్యుమను. తక్కువ తీసుకునుడు మా ఇంట్ల లేదు."

మల్లయ్య పోశాడు, తన చేత్తోనే. మా తాత ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా తాగారు. ఇంటికి వచ్చేలోపు తలకట్టు విప్పేశారు. మర్నాడు వరికోతలు మొదలయ్యాయి. రాజీతో మనసు తేలికపడి తలనొప్పి పోయిందని ఆయన చనిపోయేదాకా నమ్మారు. మరగకాగిన చాయ్‌కి అందులో భాగం ఉందని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

దొర చాయ్ తాగిండని ఊళ్లో చెప్పుకున్నారు. రెండు తాగారని మా ఇంట్లో చెప్పుకున్నాం. నేను ఇప్పటికీ రెండనే చెప్తాను.

శంకర్ తర్వాత అడవికి పోయాడు, తిరిగి రాలేదు. పంతులుతో వాదన తేలలేదు. ఇద్దరి మాటా నిజమేనని చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను, అప్పటికి చెప్పడానికి ఆ ఇద్దరూ లేరు. ఊళ్లో ఇప్పుడు గింజలు వేయించే పొయ్యి లేదు, బోగోని పెట్టి అందరినీ పిలిచే వరండా లేదు. చెరువు కింది మడులు మొదట అమ్మాం, తర్వాత మామిడితోట. గడీని కోరుట్ల కాంట్రాక్టరు ఒకాయన కొని, రాళ్లూ దూలాలూ విడివిడిగా అమ్ముకున్నాడు.