పట్టాభిషేకం దాకా డబ్బింగు

మా అత్తగారు కంటి ఆపరేషన్ వద్దన్నది భయపడి కాదు. జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ ఒకటి తెలుగులో మధ్యలో ఆగిపోయిందని. ఈ కారణాన్ని ఏలూరులో కంటి డాక్టరుగారికి విన్నవించే భాగ్యం నాకే దక్కింది. ఆయన రాస్తున్న పెన్ను ఆపి, "కుడికంట్లో శుక్లం బాగా ముదిరిపోయిందండీ. ఇంకో రెండు నెలలు పోతే తియ్యడం నాకూ కష్టమే, ఆవిడకీ కష్టమే. కన్ను దక్కుతుందని చెప్పలేను" అన్నారు. కాస్త తటపటాయించి, "ఇంతకీ ఆ పిల్లాడు చెరలోంచి బయటపడ్డాడాండీ?" అని అడిగారు. వాళ్ళింట్లోనూ చూస్తున్నారన్నమాట.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేసిన రోజులవి. ఊరు ఊరంతా ఆ గొడవే మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో మాత్రం సాయంత్రం అయిదయ్యేసరికి రాజ్యం పోగొట్టుకున్న ఆకుపచ్చ జుట్టు రాజకుమారుడు, వాడి పడవ, ఆ పడవ ముక్కు మీద కూర్చుని కబుర్లు చెప్పే కొంగ. మా అత్తగారి పుట్టిల్లు కొల్లేటి లంక. పడవా కొంగా ఉన్న కథ ఏ దేశానిదైనా ఆవిడకు చుట్టాలింటి కథే. చూపు మసకబారాక బొమ్మలు రంగులుగా మాత్రమే మిగిలినా, తెలుగు మాట చెవిలో పడుతోంది కాబట్టి ఆవిడకు లోటు తెలియలేదు.

ఒక సోమవారం ఆ రాజకుమారుణ్ణి బాబాయి చెరలో వేయించాడు. మంగళవారం నుంచి చానల్ వాళ్ళు తెలుగు తీసేసి ఇంగ్లీషు పెట్టారు. చెప్పా పెట్టకుండానే.

"పారాయణం మొదలెట్టాక పట్టాభిషేకం చదవకుండా పుస్తకం మూస్తామా అమ్మాయ్? నాయకుడు చెరలో ఉండగా కథ ఆపేసి, నేను కళ్ళు కోయించుకోడానికి బయల్దేరనా?" అన్నారు అత్తగారు.

"అది పురాణం కాదండీ అత్తయ్యగారూ, కార్టూను."

"పురాణం మాత్రం నేను చూసొచ్చానా? అదీ ఎవరో చెప్తే విన్నదేగా."

నేను ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి, ఆడపిల్లలకి డిమాండూ సప్లైయీ చెప్పుకుని బతికేదాన్ని. ఎదుటివాళ్ళ మాటకి మాట అందించకపోతే నాకు అన్నం సహించదు. చానల్ వాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాను, మూడోది ఘాటుగానే. జవాబుగా ఓ కవరొచ్చింది. విప్పితే ఆ కొంగ బొమ్మ స్టిక్కర్లు ఆరు. అత్తగారు ఒకటి మందుల డబ్బాకి అంటించుకున్నారు.

మా కాలేజీ తాడేపల్లిగూడెంలో. రోజూ పాసింజరు బండిలో వెళ్ళిరావడం. కాలేజీ దగ్గర్లో ఓ లేడీస్ టైలరుగారు ఉండేవారు. ముస్లిం కుటుంబం, తాతగారి నాటి నుంచీ అదే పని. చెప్పిన రోజుకి జాకెట్టు ఇవ్వకపోవడం ఒక్కటే ఆయనలో దోషం. ఆ దోషం గురించి దెబ్బలాడదామని ఓ మధ్యాహ్నం వెళ్ళేసరికి, మెడలో టేపుతో కంప్యూటరు ముందు కూర్చుని అదే ఆకుపచ్చ జుట్టువాణ్ణి చూస్తున్నారు. జపాన్ భాషలో! కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతున్నాయి. పక్క స్టూలు మీద మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదివే మండవల్లి అమ్మాయి. ఆ పూట నా క్లాసులో ఉండాల్సిన అమ్మాయి.

"ఒంట్లో బాలేదని కబురు పెట్టావు?"

"ఇప్పుడే తగ్గిందండి మేడమ్."

నాకు జాకెట్టు మాటే గుర్తు లేదు. "తర్వాత ఏమవుతుందండీ మాస్టారూ? మా ఇంట్లో తెలుగు ఆగిపోయి ప్రాణాలు పోతున్నాయి" అన్నాను.

"ఆగిపోవడమే మంచిదైందండి మేడంగారూ. డబ్బింగంటే ఒకరి కొలతలకి కుట్టిన జాకెట్టు ఇంకొకరికి తొడగడమండి. చంక దగ్గర పట్టేస్తది."

"మీరు నా కొలతలకే కుట్టారు. అదీ చంక దగ్గర పట్టేసింది."

"అప్పుడు మీరు కొంచెం సన్నగా ఉండేవారండి."

"అప్పుడేమిటండీ, పోయిన నెల్లోగా!"

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మధ్యలోకి వచ్చింది. "మీరిద్దరూ కొట్టుకోకండి మేడమ్. ఇంకో పదేళ్ళు పోతే టీవీలే ఉండవు. అందరూ ఫోన్లో చూస్తారు. ఎవరికి కావల్సిన భాష వాళ్ళు నొక్కుకుంటారు."

"సబ్బుబిళ్ళంత ఫోన్లోనా? మీ నాన్నగారి చెరువులో చేపలకి చూపించు, అవి నమ్ముతాయి" అన్నాను. ఇది రాస్తున్నది ఫోన్లోనే. ఆ పిల్లకి నేనింకా తప్పయిందని చెప్పలేదు. చెప్పను కూడా.

టైలరుగారి దిగులు వేరు. చేత్తో బొమ్మలు గీసేవాళ్ళ పని అయిపోయిందని, రెడీమేడ్ వచ్చి తన పనికి ఏం చేసిందో కంప్యూటరు వచ్చి వాళ్ళ పనికీ అదే చేస్తుందని ఆయన అంటుంటే, ఆ మాట ఖండించడానికి కూడా నాకు మనసొప్పలేదు. మిగిలిన పన్నెండు భాగాల డిస్కులూ ఆయన దగ్గరున్నాయి, ఆఖరు భాగం ఉన్నదాన్ని ఆయనింకా చూడలేదు. కన్ను సంగతి, డాక్టరు పెట్టిన గడువు చెప్పాను.

"చూపు లేనావిడ ఆ అక్షరాలు ఎలా చదువుతారండీ? మీ ఒరిజినల్ గొప్పదే. ఆవిడకి పనికొచ్చే గొప్ప కాదు" అన్నాను.

ఆయన చాలాసేపు సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీశారు. "ఆదివారం వస్తానండి. రాజకుమారుడికి డబ్బింగు నేనే చెప్తాను. కానీ ఒక్క మాట కూడా మార్చకూడదు" అన్నారు.

అలా మా ముందుగదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం, రెండేసి భాగాల చొప్పున, డబ్బింగు మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి తెలుగులో నోటుబుక్కుకెక్కించడం నా పని. కొంగ గొంతు మండవల్లి అమ్మాయిది. దుర్మార్గుడైన బాబాయికి మా పక్కింటి టీచరుగారు. ఆవిడకి మిషను స్కూల్లో పాఠాలు, చర్చిలో పాటలు, మనిషి వెన్న. చర్చి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేవారు. మా ఆయన నోరు విప్పే మనిషి కాదు కాబట్టి చప్పుళ్ళు అప్పగించాం. కత్తియుద్ధానికి రెండు అట్లకాడలు, సముద్రానికి బకెట్టూ చెంబూ. తుఫాను భాగం నాడు సోఫా తడిసింది.

నోరు ఎంతసేపు కదులుతోందో టైలరుగారు వేళ్ళతో కొలిచేవారు. "మాట రెండంగుళాలు మిగిలిందండి మేడంగారూ. లోపలికి మడిచేద్దామా, కత్తిరించేద్దామా?"

మొదటి ఆదివారమే గొడవైంది. చెరలోంచి తప్పించుకున్న రాజకుమారుడు బాబాయికి ఎదురుపడి, "ఒరేయ్, ఇవాళ నీ పని అయిపోయింది!" అనాలి. టైలరుగారు గొంతు చించుకుని అన్నారు. అత్తగారు చెయ్యెత్తి ఆపారు.

"బాబాయిగారిని పట్టుకుని ఒరేయ్ అంటాడా? మొన్నటిదాకా ఎంత మర్యాదగా ఉండేవాడు! చెరలో ఏం తిండి పెట్టారమ్మా వీడికి?"

చేసేదేముంది, మార్చి రాశాను: "బాబాయిగారూ, తమరు కత్తి తియ్యండి. పెద్దవారు, ముందు మీరే కొట్టాలి." టైలరుగారు ఈ వాక్యం పూర్తి చేసేసరికి తెరమీద బాబాయి దెబ్బ తిని, కిందపడి, మోకాళ్ళ మీద లేస్తున్నాడు. మనిషి పడిపోయాక పిలుపు వినిపించేది. దాంతో ప్రతి యుద్ధంలోనూ బొమ్మని ఆపి, మర్యాదలన్నీ అయ్యాక మళ్ళీ వదిలేవాళ్ళం. ఒక్క మాట మార్చకూడదన్న టైలరుగారు మూడో వారానికల్లా, "గారు చేర్చండి మేడంగారూ, లేకపోతే అమ్మగారు ఊరుకోరు" అని తనే అనడం మొదలుపెట్టారు.

టీచరుగారి బాధ మరో రకం. చచ్చిపో అనే మాట ఆవిడ నోట రాదు. ఎంత తంటాలు పడ్డా, "నిశ్చయముగా నీవు నశించెదవు" అనే వచ్చేది, అదీ ప్రార్థన చేసేంత నెమ్మదిగా. అత్తగారు తల ఊపి, "దుర్మార్గుడైనా చదువుకున్నవాడమ్మా" అన్నారు. టీచరుగారు వారమంతా ఆ మెప్పు తలుచుకుని మురిసిపోయారు.

ఓ ఆదివారం మధ్యలో కరెంటు పోయింది. బొమ్మ లేదు. నోటుబుక్కు చేతిలో ఉంది కదా అని చదువుకుంటూ పోయాం. అట్లకాడలు మోగాయి, కొంగ ఏడ్చింది, బాబాయి నశింపజేశాడు. అత్తగారు కళ్ళు మూసుకుని విని, చివర్లో, "ఇవాళ బొమ్మ చాలా శుభ్రంగా వచ్చింది" అన్నారు.

పదకొండు భాగాలు అలా గడిచాయి. డాక్టరుగారి గడువుకి ఇంకో వారముంది. ఆఖరు డిస్కు రాసుకోవడానికి నేను తాడేపల్లిగూడెం కొట్టుకి వెళ్ళాను. టైలరుగారు, అమ్మాయి, నేను కలిసి చూశాం. బాబాయి ఓడిపోయాడు. రాజకుమారుడు సింహాసనం దాకా నడిచాడు. కిరీటం చేతిలోకి తీసుకున్నాడు. ఇటూ అటూ తిప్పి చూసి, మెట్ల మీద పెట్టేసి, బయటికొచ్చి పడవెక్కాడు. కొంగ ఎగిరిపోయింది. వాడొక్కడే తెడ్డు వేసుకుంటూ మనకి వీపు పెట్టి వెళ్ళిపోయాడు. అయిపోయింది. శుభం కార్డు కూడా లేదు.

టైలరుగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఎంత గొప్పగా ముగించాడండి!"

"గొప్ప తగలెయ్య! పట్టాభిషేకం ఏదండీ? మా అత్తగారి కన్ను పోతుంది!"

"దానికి వాడేం చేస్తాడండి?"

"వాడు చెయ్యకపోతే మనం చేద్దాం. కిరీటం పెట్టుకున్నాడని చెప్పండి."

"చెప్పనండి. కుట్టించుకున్నావిడకి నచ్చలేదని గుడ్డనే మార్చేస్తామాండి?"

"నేను బోటునెక్కు అడిగితే మీరు రౌండునెక్కు కుట్టలేదా మాస్టారూ? అప్పుడెక్కడికి పోయిందండీ ఈ నిజాయితీ?"

ఆయన మొహం అటు తిప్పుకున్నారు. నేను కోపంగా బండెక్కి ఇంటికొచ్చి టీచరుగారికి చెప్పాను. ఆవిడ ఆలోచించి, "అబద్ధం ఆడటం నావల్లా కాదండి. కానీ పాట పాడతాను. పాట అబద్ధం ఎలా అవుతదండి?" అన్నారు.

ఆదివారం టైలరుగారు వస్తారో రారో తెలియలేదు. వచ్చారు. రాత్రుళ్ళు నిద్ర పట్టని మొహంతో, నన్ను గుమ్మంలోనే పట్టుకుని రహస్యంగా అన్నారు: "నాలుగుసార్లు చూశానండి. ఆఖర్న వాడు వెనక్కి తిరిగి ఉన్నాడండి. నోరు కనపడదు. నోరు కనపడనివాడు ఏం మాట్లాడినా అది డబ్బింగు కాదండి, లైనింగు. లోపల ఏ గుడ్డ వేసుకున్నా పైకి తెలీదు."

అలా, తెరమీద ఓ పిల్లాడు ఒంటరిగా పడవ తోసుకుపోతుంటే, మా ముందుగదిలో మహావైభవంగా పట్టాభిషేకం జరిగింది. కిరీటం పెట్టాం. కొంగని మంత్రిని చేశాం. టీచరుగారు మంగళహారతి అందుకున్నారు, బాణీ మాత్రం చర్చిది. టైలరుగారు కన్నీళ్ళతో, "ప్రజలందరూ చల్లగా ఉండాలండీ" అన్నారు.

"అంతా నీలంగా కనిపిస్తోందేమిటే అమ్మాయ్?" అన్నారు అత్తగారు, తెర వైపు మెడ సాచి.

అన్నాళ్ళూ అట్లకాడలు తప్ప మాట ఎరుగని మా ఆయన, "పడవ మీద చేస్తున్నారమ్మా" అన్నారు.

"అదీ నిజమే. మా లంకలో నా పెళ్ళికీ దోనెలు జతగా కట్టి వాటి మీదే పందిరేశారు" అన్నారావిడ. లేచి, తడుముకుంటూ వెళ్ళి, టీవీ నెత్తి మీద అక్షింతలు వేశారు. ఆ బుధవారం కుడికన్ను ఆపరేషన్ అయింది. డాక్టరుగారు, "సరైన టైముకి తెచ్చారండి" అన్నారు.

కట్టు విప్పి, చుక్కల మందు వాడకం పూర్తయి, టీవీ చూడొచ్చని డాక్టరుగారు చెప్పిన మర్నాడు ఆవిడ అడిగిన మొదటి కోరిక ఆ ఆఖరు డిస్కు. ఎన్ని వంకలు పెట్టాను! డిస్కు గీసుకుపోయిందన్నాను, టైలరుగారు ఊళ్ళో లేరన్నాను. ఆ ఆదివారం టైలరుగారు డిస్కు పట్టుకుని తనంతట తనే వచ్చారు. చెప్పిన రోజుకే ఏదీ ఇవ్వని మనిషి అడక్కుండా తేవడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఈసారి జపాన్ గొంతులే వినిపించాయి. ఆవిడ కదలకుండా చూశారు. కిరీటం మెట్ల మీద పెట్టడం చూశారు.

"కొంగ కూడా వెళ్ళిపోయిందన్నమాట" అన్నారు.

"తప్పు నాదేనండి అమ్మగారూ" అన్నారు టైలరుగారు.

"తప్పేముంది నాయనా. ఆ పిల్లాడి గొంతుకంటే నీ గొంతే బాగుంది. వీడిది కాస్త ముక్కుతో మాట" అన్నారు. ఒరిజినల్ కోసం ప్రాణమిచ్చే మనిషి ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడిపోయారు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. ఎడమకంటి శుక్లానికీ డాక్టరుగారు తేదీ ఇస్తే, ఆవిడ రానన్నారు.

"అదేమిటండీ? కథ అయిపోయిందిగా!"

"అయిపోయింది కనకే. కుడికన్ను చూసింది నిజమే, కాదనను. కానీ ఈ ఎడమకంటి ముందు పట్టాభిషేకం అయింది. అక్షింతలు కూడా వేశాను. దీన్ని కదిలిస్తే ఆ పిల్లాడు మళ్ళీ నీళ్ళ మీద పడతాడు."

"అత్తయ్యగారూ, మీకు ఆ మాట నమ్మకమేనా?"

"నమ్మకంతో నీకేం పని? ఒక కంటితో నీ నెత్తిన తెల్లవెంట్రుకలు ఎన్నున్నాయో కనిపిస్తున్నాయి. ఇంకేం చూడాలి నేను?"

రెండేళ్ళు వాదించాను. డాక్టరుగారితో చెప్పించాను, టైలరుగారితో బతిమాలించాను. ఆవిడ ఒక్క అంగుళం కదల్లేదు. నా జన్మలో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే.

ఆ తర్వాత వేరే బొమ్మల సీరియల్ ఒకటి, టైలరుగారు తెచ్చినదే, జపాన్ భాషలో చూస్తున్నాం. అర్థం నేను చెప్తున్నాను. అందులో ఓ తల్లి జబ్బుపడి మంచం పట్టింది, పిల్లలు చుట్టూ చేరారు. అత్తగారు అరచేత్తో కుడికన్ను మూసుకున్నారు.

"నొప్పిగా ఉందాండీ?"

"లేదు. నువ్వు చెప్పు. ఆవిడ లేచిందా?"

తెర వైపు చూశాను. పిల్లలు ఆవిడ ముఖం మీదికి దుప్పటి లాగుతున్నారు.

"లేచిందండి" అన్నాను. "గంజి తాగుతోంది."