ఎర్రగానే మిగిలిన నీళ్లు

రామ్‌చందర్ సారు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా సుజన చేత పనంతా చేయించుకుని, చివరికి ఆ పిల్ల నోరే నొక్కబోయాడు.

సుజన మా గౌలిపుర పిల్ల. తండ్రి ఓదెలుకు బర్రెలున్నాయి. ఆమె ఒక ప్రైవేటు కాలేజీలో రామ్‌చందర్ కింద పరిశోధన చేసేది. పని ఏమిటంటే, గాజు పలకల మీద జింక్ ఆక్సైడ్ పెంచడం. జింక్ ఉప్పు కరిగించిన నీళ్లలో పలకను ముంచి వేడి పెడితే, కంటికి ఆనని సన్నటి పుల్లలు దాని మీద గడ్డిలా మొలుస్తాయి. మనకు కనిపించేది తెల్లటి పొర మాత్రమే. ఆ పలకను రంగునీళ్లలో దించి ఎండలో ఉంచితే, ఆ పొర రంగును విరిచేస్తుంది, నీళ్లు తేటపడతాయి.

ల్యాబ్‌లో తేటపడ్డాయి కూడా. ఎందుకు పడవు? సారు శుద్ధమైన నీళ్లలో చిటికెడు రంగు కలిపి ఇచ్చేవాడు మరి. సుజన ఊరుకోక, మా గల్లీ చివర బట్టలకు రంగులద్దే రజాక్ భాయ్ కార్ఖానా నుంచి మురుగు తెచ్చి పరీక్షించింది. ఉప్పు, సోడా, నూలు పీచు, చిక్కటి ఎరుపు. పొద్దుగూకినా రంగు దిగలేదు. ఆ సంగతి చెబితే సారు, "అది మనకు అక్కర్లేదమ్మా, రాయకు" అన్నాడు.

అక్కర్లేదట! మోరీలోకి ఎర్రనీళ్లు వదిలితే కార్ఖానా మూయిస్తామని అధికారులు రజాక్ భాయ్‌ని ఎప్పుడో హెచ్చరించారు. ఈ పలకలుంటే ఫికర్ లేదని సారు ఆయనకు భరోసా ఇచ్చి, ఆయన మిద్దె మీదే కాలేజీ పెద్దలను, అధికారులను పిలిచి ప్రదర్శన పెట్టాడు. తొట్టిలోకి రంగునీళ్లు మాత్రం ల్యాబ్ నుంచి డబ్బాల్లో తెప్పించాడు. మెప్పు సారుకు, రేపటి ముప్పు రజాక్‌కు. ఇదెక్కడి న్యాయం?

మా గౌలిపురలో పితికే ముందు బకెట్ బోర్లించి చూపించనిదే ఎవరూ పాలు పోయించుకోరు. అడుగున నీళ్లు లేవని కొనేవాళ్లు కళ్లారా చూడాలి. అతిథులు కుర్చీల్లో కూర్చోగానే సుజన తొట్టిని అట్లాగే బోర్లించింది. ల్యాబ్ నీళ్లన్నీ మిద్దె మీద పారాయి.

"ఏం చేస్తున్నవ్ సుజనా?" అన్నాడు సారు.

"బోర్లించి చూపిస్తున్న సార్. గిప్పుడు రజాక్ చాచా నీళ్లు పోస్త."

పోసింది. పలకలు దించింది. భోజనాల వేళయింది, నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. అతిథులు వాచీలు చూసుకుంటూ దిగిపోయారు. "రేపట్నుంచి ల్యాబ్‌కు రాకు" అనేసి సారు వాళ్ల వెనకే పరిగెత్తాడు. ఆ పిల్ల నిజం చూపించిందని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. సిగ్గుండాలి.

రజాక్ భాయ్ తొట్టి పక్కన కూలబడ్డాడు. "గిట్ల జేస్తివేంది బిడ్డా? నా కార్ఖానా ఏం గావాలె?"

సుజన ఏడ్చేసింది. "గా ల్యాబ్ నీళ్లే ఉంచితే అందరు మెచ్చుకుంటుండె చాచా. రేపు నువ్వు మునుగుతుంటివి."

"మరి నా నీళ్లు సాఫ్ అయితయా, గావా?"

"తెల్వదు చాచా. పీచు వడగట్టి, పలచజేసి మళ్ల జూడాలె. అయితదని ఒట్టేసి చెప్పలేను."



"సార్ ఎప్పుడడిగినా అయితది అయితది అనెటోడు. తెల్వదని నువ్వొక్కదానివే అన్నవ్" అంటూ రజాక్ భాయ్ మోకాళ్ల మీద చేతులూని లేచాడు. "రేపు పొద్దుగాల నీళ్లు వడగట్టి పెడ్త. రా."