ఖాలా నన్ను రుచి చూడమన్న ఎండాకాలం

పోయిన శుక్రవారం పొద్దున ఇడ్లీపిండి రుబ్బుతుంటే టేకులపల్లి నుంచి చాచా ఫోన్ చేశాడు. ముందు మా వారి క్షేమం, తర్వాత నా క్షేమం, ఆ తర్వాత ఖమ్మంలో ఎండల సంగతి అడిగి గానీ అసలు విషయంలోకి రాని మనిషి. ఆ రోజు ఏమీ అడగలేదు. "మీ ఖాలా పోయింది బిడ్డా," అన్నాడు. గ్రైండరు తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలన్న ఆలోచన చాలాసేపటికి గానీ నాకు రాలేదు.

ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, కానీ ఆమె నాకు చుట్టం కాదు. టేకులపల్లిలో మేం కిరాయికున్న ఇంటి పక్కిల్లు ఆమెది. ఆమే, ఆమె భర్త చాచా, ఇద్దరే కలిసి గోలీసోడాలు చేసి అమ్మేవాళ్లు. ఊరంతా సోడా ఖాలా అని పిలిచేది. పేరు పెట్టి రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి రాస్తున్నట్టుంటుంది, అందుకని ఇక్కడా ఖాలా అనే రాస్తాను. ఆమెకు నేనొక మాట చెప్పాల్సి ఉండింది. ఎనిమిదేళ్లు నాన్చాను. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

ఆ రోజు నేను బస్సు దిగి వెళ్లేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డ కప్పారు. ఆడవాళ్లలో కూర్చున్నాను. ఇల్లంతా అత్తరు, కర్పూరం వాసన. ఏ ఎండాకాలమైనా ఆ ఇంట్లో అల్లం వాసన ముందు తగిలేది. ఆ వాసన లేకపోయేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

మాది ఎర్రుపాలెం వైపు. మాది తీపి నోరు. నిమ్మకాయ నీళ్లలో కూడా చక్కెర గరిటెతో పోసి, సబ్జాగింజలు వేసుకుని, నెమ్మదిగా చప్పరిస్తూ తాగే జనం. మా వారికి కరెంటాఫీసు ఉద్యోగం టేకులపల్లిలో వచ్చిందని, పెళ్లైన నెలకే సామాను సర్దుకుని వెళ్లాం. దిగిన రోజే గోడ మీది నుంచి ఒక చెయ్యి వచ్చింది, చేతిలో సోడా. దాహం మీదున్నానేమో, గటగటా తాగబోయాను. ఉప్పు, అల్లం, గ్యాసు కలిసి ముక్కులోంచి బయటికొచ్చాయి. కళ్లనీళ్లు కారిపోతుంటే గోడ అవతల నవ్వు వినపడింది. "సోడా అంటే గట్లుండాలె బిడ్డా. తాగినోడు ముందుగాల ముక్కు పట్టుకోవాలె, పేరు తర్వాత చెప్పుకోవాలె," అంది. ఆమెను చూడకముందే ఆమె మాట విన్నాను నేను.

తాగడానికి ఎవరొచ్చినా ఏ సోడా కావాలని ఆమె అడగ్గా నేను చూడలేదు. మొహం చూసి, ఏ ఊరి బస్సు దిగాడో చూసి సీసా తీసేది. అడవి పల్లెల నుంచి వారపు అంగడికి దిగేవాళ్లకు ఉప్పూ అల్లమూ ఘాటుగా పడాలి, బీడీల తునికాకు కోసే రోజుల్లో ఇంకో చిటికెడు ఎక్కువ. చండ్రుగొండ వైపు రైతులైతే నిమ్మ పులుపు. లారీ డ్రైవర్లకు సుగంధి. మా వైపు నుంచి ఎవరైనా పెళ్లికో పేరంటానికో వస్తే మాత్రం పాపం అన్నట్టు చూసి, పిల్లల కోసమని చేసిన తియ్యసోడా చేతిలో పెట్టేది. నన్ను కూడా చాలాకాలం ఆ పిల్లల జాబితాలోనే ఉంచింది.

ఆమె పని చూడటం నాకు సరదా. సుగంధి వేర్లు అడవి పల్లెల ఆడవాళ్లు ఆకుల్లో చుట్టి తెచ్చేవాళ్లు. వాళ్ల భాషలో ఆమెకు నాలుగు మాటలు వచ్చు, ఆ నాలుగింటితోనే గంటసేపు కబుర్లు చెప్పేది. పొద్దున్నే పెద్ద డేగిసాలో అల్లంరసం, నిమ్మరసం, ఉప్పు, కాస్త చక్కెర కలిపి, ఎడమ అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకి కళ్లు మూసుకునేది. ఆమె తలూపితే గానీ చాచా సీసాలు నింపేవాడు కాదు. సీసాలను ఇనప డబ్బాలో బిగించి గ్యాసు ఎక్కిస్తూ తిప్పేటప్పుడు మాత్రం నన్ను వాకిలి దాటించేది. పగిలిన సీసా పెంకు చాచా కనుబొమ్మ మీద గీసిన గీత అందరికీ చూపించి మరీ తరిమేది.

రెండో ఏడు నేను ఏడో నెలలో బిడ్డను పోగొట్టుకున్నాను. మగపిల్లాడు. వాడి ఏడుపు కూడా నేను వినలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మా అమ్మ వచ్చి నెలరోజులుండి, బతిమాలి, తిట్టి, తనే ఏడ్చి వెళ్లిపోయింది. మా వారు ముద్ద కలిపి పెట్టబోతే కంచం తోసేశాను. చచ్చిపోవాలని లేదు, బతకాలనీ లేదు. గాజులు చేతికి నిలవనంతగా చిక్కిపోయాను. వచ్చినవాళ్లంతా మళ్లీ పుడతారులే అనేవాళ్లు. ఖాలా ఒక్కనాడూ ఆ మాట అనలేదు. వచ్చి పక్కన కూర్చుని, వెళ్లిపోయేది. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున గోడ అవతలి నుంచి పిలిచింది. "ఒక్కసారి రా బిడ్డా. మొన్న జ్వరమొచ్చి పోయినంక నా నోరు సచ్చిపోయింది. ఉప్పేందో చక్కెరేందో తెలుస్తలేదు. జర నువ్వు చూసి చెప్పు."

నాకు రానని చెప్పాలనే ఉంది. కానీ ఆమె గొంతు తగ్గించి, ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. సోడా చేసేదానికి రుచి తెలియదంటే ఎవరు తాగుతారు అంది. ఆ మాటకు భయమేసింది. ఆమె బతుకంతా ఆ డేగిసాలోనే ఉంది కదా. చాలా వారాల తర్వాత నేను వాకిలి దాటింది ఆ రోజే.

తనకైతే రెండు చుక్కలు సరిపోయేవి. నాకు మాత్రం గ్లాసు నిండా పోసింది. నీకు కొత్త, గ్లాసు తాగితే గానీ తెలియదు అంది. మూడు రోజుల తర్వాత, ఖాళీ కడుపు మీద నాలుక సరిగ్గా చెప్పదని ముందు ఒక బిస్కెట్ తినిపించింది. ఆ తర్వాత అది సగం రొట్టె అయింది. ఇంకో వారానికి రొట్టెలోకి పప్పు వచ్చింది. అంతా సోడా కోసమే అనుకుని తిన్నాను. బీఏ చదివిన దాన్ని, అంత తెలివైనదాన్ని మరి.

పైగా నాకు కాస్త గర్వం కూడా. రోజూ తాగి, కళ్లు మూసుకుని, ఆమె లాగే ఆలోచించినట్టు మొహం పెట్టి, ఇంకొంచెం చక్కెర పడాలి ఖాలా అనేదాన్ని. ఆమె వెంటనే పోసేది. ఉప్పు ఎక్కువైందంటే నీళ్లు కలిపేది. అల్లం తగ్గించమంటే తగ్గించేది. ఆ ఎండాకాలం ఎర్రుపాలెం మొత్తాన్ని తీసుకొచ్చి టేకులపల్లి డేగిసాలో కలిపేశాను.

తునికాకు కోసి వచ్చినవాళ్లు ఒక గుక్క తాగి సీసా పక్కన పెట్టేస్తున్నారని నాకు తెలియదు. బస్టాండు కొట్టుకు పంపిన సోడాలు పంపినట్టే తిరిగొస్తున్నాయి. ఆ కొట్టతను ఆ నెలలోనే కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తెచ్చి పెట్టాడు. చాచా మెషీను దగ్గర ఖాళీగా కూర్చోవడం చూసి, ఎండకు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం గోడ పక్కన బట్టలు ఆరేస్తున్నాను. అవతల చాచా మాట వినపడింది. "ఆ పిల్లది ఎర్రుపాలెం దిక్కు నాలుక. ఈ తీపి మన దిక్కు ఎవడు తాగుతడు? నీ నోటికేమైంది, నువ్వు చూడలేవా?" అన్నాడు. ఖాలా తొందరపడలేదు. సీసాలు కడుగుతున్న చప్పుడు వస్తూనే ఉంది.

"నా నోటికేం కాలే. ఆ పిల్ల నోట్లె నాలుగు మెతుకులు పడుతున్నయి, నీకు కనబడుతలేదా? సోడాలదేముంది, వచ్చే ఎండకాలం మళ్ల చేసుకుంటం. ఆ పిల్ల పోతె యాడికెళ్లి తెస్తం?"

తడిచీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నీళ్లు నా పాదాల మీద కారుతున్నాయి. అంతవరకు నా బిడ్డ కోసమే ఏడ్చినదాన్ని, ఆ రోజు మొదటిసారి నా కోసం ఎవరో పడుతున్న పాట్లకు ఏడ్చాను.

అప్పుడే గోడ దాటి వెళ్లి కాళ్ల మీద పడాల్సింది. వెళ్లలేదు. నాకు తెలిసిపోయిందంటే ఆమె మళ్లీ పిలవదేమోనన్న స్వార్థం. మర్నాడు పొద్దున ఎప్పట్లాగే గ్లాసు అందించింది. నా నోటికి అది కావలసినంత ఉప్పగానే ఉంది. అయినా ఉప్పు తక్కువైంది ఖాలా, అల్లం కూడా పడాలి అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఏమైనా అనుకుందో లేదో తెలియదు. ఇంకో గుప్పెడు ఉప్పు తీసి వేసింది. ఆ వారం అంగడికి కూడా వెళ్లాను. సోడా తాగేవాళ్ల మొహాలు చూస్తూ, ఎవరు ముక్కు పట్టుకున్నారో ఎవరు పట్టుకోలేదో గమనిస్తూ మూడు గంటలు నిలబడ్డాను. పిచ్చిదనుకుని ఉంటారు.

ఇంకో పదిహేను రోజులకు, నేను ఆమె దగ్గర రెండో రొట్టె అడిగి పెట్టించుకున్న రోజున, అల్లా దయ, నోటికి రుచి తెలుస్తున్నది బిడ్డా అని ప్రకటించింది. మంచిదైంది ఖాలా, నాకూ రోజూ పొద్దున్నే లేవడం కష్టంగా ఉంది అన్నాను. ఇద్దరం ఎంత బాగా నటించామో.

అంగడి జనం మెల్లగా తిరిగొచ్చారు. బస్టాండు కొట్లు మాత్రం రాలేదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఫ్రిజ్‌లు పెట్టుకున్నాయి. తర్వాతి ఏడు ఆమె సగమే చేసింది, ఆపై ఏడు అందులో సగం. నువ్వు రుచి చూసినా చూడకపోయినా ఆ ఫ్రిజ్‌లు వచ్చేవే అంటారు మా వారు. అది నిజమే కావచ్చు. అయినా ఖాలా చేతికున్న ఆఖరి మంచి ఎండాకాలాన్ని నేను తాగేశానన్న బాధ నాకు పోలేదు. చాచా మాత్రం నన్ను ఏనాడూ చిన్న చూపు చూడలేదు. మాకు ఖమ్మం బదిలీ అయి, అక్కడ మా పాప పుట్టినప్పుడు ఇద్దరూ బస్సెక్కి వచ్చారు. ఖాలా పాపను ఒళ్లో వేసుకుని, దీని నాలుక ఏ దిక్కుదో చూడాలె అంది. మొన్నామధ్య ఎర్రుపాలెంలో మా అమ్మ ఇచ్చిన షర్బత్ నేను తాగలేకపోయాను, అంత తీపి నాకిప్పుడు పడటం లేదు. అది విని ఖాలా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆనాడు గోడ పక్కన అంతా విన్నానని చెప్పడానికి అదే మంచి సమయం. నోటిదాకా వచ్చింది. నవ్వుతున్న మనిషిని ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను.

ఈ ఎండాకాలం ఆమెను ఖమ్మంలో ఆసుపత్రిలో చేర్చారు. కడుపులో గడ్డ. అప్పటికే ముదిరిపోయింది. జావ కూడా వద్దంటోందని, ఉప్పుసోడా అడుగుతోందని చాచా చెప్పాడు. రెండు గుక్కలైతే ఇవ్వొచ్చన్నారు డాక్టరు. చాచా ఊరి నుంచి తెచ్చిన వట్టిసోడా నాకిచ్చాడు. పొద్దున్నే పాపకు జడలు వేస్తూ, బడికి వేళవుతోందని పరుగులు పెడుతూ, అల్లం దంచి, నిమ్మకాయ పిండి, సోడాలో కలిపి ఫ్లాస్కులో పోసుకుని ఆసుపత్రికి వెళ్లాను.

తల కింద చెయ్యి పెట్టి లేపితే చంటిపిల్లంత బరువు కూడా లేదు. ఒక గుక్క తాగింది. కాసేపాగి ఇంకో గుక్క. అలవాటు ప్రకారం కళ్లు మూసుకుంది. ఎట్లుంది ఖాలా అని అడిగాను. "మంచిగున్నది బిడ్డా," అంది, "ఉప్పు సరిగ్గ సరిపోయింది." ఇన్నేళ్లకు ఆమె చేత మెప్పు పొందానని నా ఛాతీ ఉప్పొంగింది. ఆమె నిద్రలోకి జారుకుంది. వచ్చేశాను.

బయట మెట్ల మీద కూర్చుని, దాహం వేసి, ఫ్లాస్కులో మిగిలింది నోట్లో పోసుకున్నాను. అందులో ఉప్పు లేదు. ఒక్క పలుకు కూడా లేదు. తొందరలో వేయడం మర్చిపోయాను.

నోరు ఈసారి నిజంగానే చచ్చిపోయిందో, నా మొహం చూసి ఇంకో అబద్ధం ఆడిందో నాకు తెలియదు. లేచి లోపలికి పరుగెత్తాలనిపించింది. పడుకుంది కదా, రేపు సరిగ్గా కలిపి తెచ్చి, అన్నీ చెప్పేద్దామనుకున్నాను. ఆ రేపు పాపకు జ్వరం వచ్చి వెళ్లలేకపోయాను. ఇంక చేసేది లేదు, తీసుకెళ్లమన్నారట, సాయంత్రానికల్లా చాచా ఆమెను ఊరికి తీసుకెళ్లిపోయాడు. మూడో రోజు ఫోన్ వచ్చింది.

సోడా తాగించిన ఆ రోజు మాత్రం ఆసుపత్రి మెట్ల మీద నుంచి చాలాసేపు లేవలేదు. పైకెక్కేవాళ్లు నన్ను తప్పుకుంటూ ఎక్కుతున్నారు, దిగేవాళ్లు తప్పుకుంటూ దిగుతున్నారు. ఉప్పు లేని ఆ సోడాను మూతతో కొంచెం కొంచెం పోసుకుంటూ, చివరి బొట్టు దాకా తాగాను.