పెంటయ్య కూడా ఉన్నాడు

"పెంటయ్యా!" అని ఎవరో పిలిచారు.

సాయంత్రం. వాన అప్పుడే వెలిసింది. ఉప్పుగూడ స్టేషను వెనక సందులో, ఇసుక బస్తాల చాటున, మా వైర్‌లెస్ ఆపరేటర్ ఖాళీ మందుగుండు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. వీపుకు సెట్, ఒళ్ళో రైఫిల్. పిలుపు వినగానే లేచాడు. "వస్తున్న అమ్మా" అంటూ సందు దాటి ఎదురింటి వైపు నడిచాడు. తలుపు చేరేలోపే అతని వెనక రెండంతస్తుల ఇంటి పిట్టగోడ కూలింది. ఇటుకలు, సున్నం, గోడ మీది పూలకుండీలు అన్నీ కలిసి పెట్టె మీద పడ్డాయి. దుమ్ము తగ్గాక చూస్తే పెట్టె చెక్కలు చెక్కలయి ఉంది. దాని పక్కన పెట్టిన అతని స్టీలు మగ్గు రేకులా అణిగిపోయింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. సుగుణమ్మ చేతులకు జొన్నపిండి అంటుకొని ఉంది.

"గంత దుమ్మేంది బిడ్డా? ఏమైంది?"

"నువ్వే పిలిస్తివి గదా అమ్మా."

"నేనా? నేను పిలువలే."

ఇది ఎనభైల మొదట్లో సంగతి. పాతబస్తీలో గొడవలు చెలరేగి కర్ఫ్యూ పెట్టినప్పుడు మా పటాలాన్ని పిలిపించారు. లారీలు దిగేసరికి ముసురు పట్టి ఉంది. లాల్‌దర్వాజా వైపు నుంచి కాలిన రబ్బరు వాసన వస్తోంది. మా ఐదుగురికీ ఉప్పుగూడలో మూడో నంబరు పికెట్ అప్పగించారు. హవల్దారుది కడప. ఆపరేటర్‌ది మెదక్ దగ్గర పల్లె. నాది నల్గొండ. మిగతా ఇద్దరూ రైఫిల్‌మన్లు, తమిళులు. ఒక్కొక్కరికి రైఫిల్, ఇనప టోపీ, వాన కోటు. ఐదుగురికీ కలిపి ఒక సెట్, ఒక కిరోసిన్ స్టవ్.

ఆర్డర్లు నాలుగు ముక్కలు. కనిపించినవాణ్ణి ఆపు. ఇళ్ళలో ఏమీ తినకు. కప్పుల మీద ఒక కన్నుంచు. పేర్లు చెప్పకు.

పేర్లతో మాకూ పెద్దగా అవసరం ఉండేది కాదు. ఆపరేటర్‌ను అందరం 'సెట్' అనేవాళ్ళం. "సెట్ ఎక్కడ?" "సెట్ అన్నం తిన్నాడా?" అతనూ అదే కోరుకున్నట్టు పలికేవాడు. బస్తాల వెనక కాకుండా బయట, కప్పులకు ఎదురుగా కూర్చునేవాడు. టోపీ పక్కన పెట్టేసేవాడు.

"పెట్టుకోవోయ్, రాయి పడితే తల పగులుతుంది" అన్నాను ఒకసారి.

"పగిలితే ఏమైతది అన్నా? రిజిస్టర్ల ఒక సెట్ తక్కువైతది. గంతే."

నవ్వుతూ అనలేదు. ఆ రోజు నుంచి కప్పుల మీద ఒక కన్ను, అతని మీద ఒక కన్ను ఉంచాను.

మధ్యాహ్నం కర్ఫ్యూ కొంచెంసేపు సడలించేవారు. పాలు, కిరోసిన్, కూరగాయలు. జనం పరుగున వెళ్ళి పరుగున వచ్చేవారు. ఎవరూ మా వైపు చూసేవారు కాదు. చూసింది సుగుణమ్మ ఒక్కతే. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి చనిపోయిన మనిషి భార్య. బడిలో ఆయాగా చేసేది. తలుపు మీద సున్నంతో గీసిన సిలువ ఉండేది. తెల్లచీర, చెవిలో దూది. చేతిసంచితో బస్తాల ముందు ఆగింది.

"నీ పేరేంది బిడ్డా?" అంది ఆపరేటర్‌ని.

"సెట్."

"గది మనిషి పేరేనారా?"

మాకు నవ్వొచ్చింది. హవల్దారుకు హుషారొచ్చింది. ఆర్డరు మరిచాడు. "అసలు పేరు చెప్పమంటావా అమ్మా? పెంటయ్య. పెంటకుప్ప పెంటయ్య. నువ్వూ నవ్వుకో."

ఆపరేటర్ తల దించుకుని సెట్ మీటను అటూ ఇటూ తిప్పసాగాడు.

ఆమె నవ్వలేదు. "నీ ముందట మీ అమ్మకు ఎందరు పోయిన్రు?" అని అడిగింది.

అతను మీట వదలకుండానే అన్నాడు. "ముగ్గురు."

"పుట్టంగనే నిన్ను పెంట మీద పండబెట్టింది. ఇంకొకామెతోని చేటల ఎత్తిచ్చుకున్నది. సావు చూసి, పెంట మీది పోరడు నాకెందుకని మర్లి పోవాలని. అవునా?"

"అట్లనే చెప్తది."

"మరి గా పేరుకు సిగ్గెందుకురా? సావుతోని కొట్లాడి తెచ్చుకున్న పేరది." హవల్దారు వైపు తిరిగింది. "నువ్వు నవ్వినవు. దేవుడు నవ్వడు నాయనా. ఆయన కొడుకును పశువుల కొట్టంల పండబెట్టిన్రు. పెంట వాసన ఆయనకెరుకే."

హవల్దారు మీసం సర్దుకున్నాడు. "పోమ్మా, టైమయింది."

ఆ సాయంత్రం ఎదురింటి కిటికీ లోంచి ప్రార్థన వినిపించింది. సుగుణమ్మకు చెవుడు. తనకు వినిపించేంత గట్టిగా మాట్లాడితేగాని మాట్లాడినట్టు ఉండదు. సందంతా పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. కిరాణా సేఠ్ మనుమరాలి దగ్గు, టైలర్ భాయ్ కొడుకు దొరకని ఉద్యోగం, మూలింటామె మోకాళ్ళు. ఏ ఇంట్లో ఏమైందో మా పికెట్‌కు ఆ ప్రార్థన వల్లే తెలిసేది. చివర మా వంతు. "ప్రభువా, సందు మూలకున్న నీ పిల్లలను కాపాడు. నీ బిడ్డ పెంటయ్యను కాపాడు. గా పిలగాడు తనను చెత్త అనుకుంటుండు. నువ్వు చేసినదాంట్ల చెత్త లేదని ఆనికి చెప్పు తండ్రీ."

తమిళులకు భాష రాదు. అయినా నవ్వు ఆపారు.

మర్నాడు హవల్దారు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఏందమ్మా, మైకు పెట్టినట్టు మా వాడి పేరు చెప్తాండావు! కప్పుల మీద ఎవుడెవుడున్నాడో. దేవుడికి చెవుడా?"

"దేవునికి లేదు నాయనా, నాకే."

మెల్లగా చేస్తానంది. మొదటి రెండు మాటలు మెల్లగానే చేసింది.

ఆపరేటర్ టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పెట్టెను బయటి నుంచి లాగి, ఆమె కిటికీకి ఎదురుగా ఉన్న రెండంతస్తుల ఇంటి గోడ మొదట వేసుకున్నాడు. ప్రతి సాయంత్రం అక్కడే. కడుగుతూ కడుగుతూ మగ్గు పట్టుకుని అలాగే కూర్చునేవాడు. కర్ఫ్యూ సడలించినప్పుడు ఆమెను అడగడం నేను విన్నాను.

"అమ్మా, మీ గుడిల చేరితే వేరే పేరు పెడ్తరట గదా. నాకొకటి పెట్టు."

"ఎందుకు బిడ్డా? రోజూ గా పేరే చెప్తున్న. ఆయన గా పేరుతోనే నిన్ను ఎరుగుతడు."

అతని ముఖం తేటపడింది. నాకు మాత్రం ఆ గోడ నచ్చలేదు. ఆ ఇంటివాళ్ళు తాళం వేసి కిషన్‌బాగ్‌లో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు. రోజూ ఒకేచోట, ఒకే వేళకు కూర్చునే జవాను. సందంతటికీ తెలిసిన పేరు. పై కప్పు మీద రెండుసార్లు తల కదిలినట్టు అనిపించింది. దుర్భిణిలో చూస్తే పావురాలు. హవల్దారుకు చెప్పాను. "రేపు పెట్టె జరుపుదాం" అన్నాడు.

ఆ రేపు సాయంత్రమే గోడ కూలింది.

తాళం పగలగొట్టి నేనూ హవల్దారూ పైకి వెళ్ళాం. కప్పు మీద మనిషి లేడు. వాన నీళ్ళలో ఒక గునపం పడి ఉంది. కూలిన గోడ అడుగున ఇటుకలు గునపంతో పెళ్ళగించి ఉన్నాయి. పక్క కప్పు మీదికి దూకడానికి అడుగు దూరం. ఆ తర్వాత అన్నీ కప్పులే, లాల్‌దర్వాజా దాకా.

కింద ఎవరు ఏం విన్నారో అడిగాడు హవల్దారు. నేను ఆడగొంతు విన్నాను. హవల్దారుకు మగగొంతు వినిపించిందట. తమిళుల్లో ఒకడు పైనుంచి వచ్చిందన్నాడు, ఇంకొకడు స్టేషను వైపు నుంచి అన్నాడు. పిలుపు మాత్రం అందరం విన్నాం.

"గునపం పట్టినోళ్ళల్లోనే ఒకడు పిలిచినాడు" అన్నాడు హవల్దారు. "రోజూ పేరు విని విని, చంపడానికి చేతులు రాలేదు వాడికి."

సుగుణమ్మ పిండి చేతులతోనే ఆపరేటర్ తల నిమిరింది. "ఎవనితోని పిలిపిచ్చిండో ఆయనకే ఎరుక."

సెట్ గరగరలాడింది. కంపెనీ నుంచి.

"మూడు, మూడు. చప్పుడేమిటి? ఓవర్."

హవల్దారు అందుకున్నాడు. "గోడ కూలింది. పడగొట్టినారు. ఓవర్."

"దెబ్బలు? ఓవర్."

"లేవు. ఓవర్."

"సెట్ ఉందా? ఓవర్."

"ఉంది. ఓవర్."

ఆపరేటర్ అతని చేతిలోంచి మౌత్‌పీస్ తీసుకున్నాడు. మీట నొక్కాడు.

"పెంటయ్య కూడా ఉన్నాడు. ఓవర్."

సెట్ మీద పేర్లు చెప్పకూడదు. అవతల కాసేపు గరగర. తర్వాత "రోజర్" అన్నారు.

మర్నాడు మమ్మల్ని మార్చారు. లారీ సందు మలుపు తిరుగుతుంటే సుగుణమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. పెంటయ్య ఆ అణిగిన మగ్గు ఊపాడు. ఇంటికొచ్చాక నాకు చాలా సంగతులు చెరిగిపోయాయి. ఆ మగ్గు పోలేదు.

సైన్యం వదిలి పత్రికలో చేరాక ఆ సందుకు రెండుసార్లు వెళ్ళాను. పిట్టగోడ మళ్ళీ కట్టారు. కొత్త ఇటుక ఎక్కడ మొదలవుతుందో కింది నుంచి తెలుస్తుంది. సుగుణమ్మ చనిపోయింది. కిరాణా సేఠ్‌ను, టైలర్ భాయ్‌ని, మూలింటామెను అడిగాను. ఆ సాయంత్రం తాము తలుపులు వేసుకుని ఉన్నామన్నారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

పెంటయ్య అదే పేరుతో బాప్తిస్మం తీసుకుని తన ఊళ్ళోనే ఉన్నాడు. ఒక ఆదివారం వాళ్ళ ప్రార్థనకు వెళ్ళాను. ఊళ్ళో అందరినీ పేరుపేరునా అప్పజెప్పాడు, నన్ను కూడా. చివర "ఆ రోజు నన్ను పిలిచిన" అని ఆగాడు. పేరు రావలసిన చోటు ఖాళీగా వదిలి, ఆమెన్ అన్నాడు.

ఆ పేరు ఇప్పటికీ మాలో ఎవరికీ తెలియదు.