చెవిటివాళ్లు లేని గని

"...మూడు గాదు, ఆరు విజిళ్లు అయినయ్. పక్కన్నే కూసున్నవ్, పప్పు మాడి ఇల్లంత వాసనొచ్చినా లేవకపోతివి."

"వినవడ్డది. నువ్వే వచ్చి దించుతవనుకున్న," అన్నాడు భూపాల్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"గోడ అవుతల సారవ్వకు వినవడి ఉరికొచ్చింది. నీకు వినవడ్డదా?"

"అయితే ఏందే ఇప్పుడు? ఇయ్యాల నీ దగ్గరికే వస్తున్న గదా పరీక్షకు."

సంధ్యారాణి పళ్లు బిగబట్టి మాడిన కుక్కరు తోమింది. ఆమె బొగ్గు గనుల కంపెనీ దవాఖానలో, భర్త భూపాల్ లాంటి కార్మికులకు వినికిడి పరీక్షలు చేస్తుంది. ఆ ఉద్యోగం తండ్రి చెవులు ఇచ్చినదే. బొగ్గులో తూట్లు వేసే డ్రిల్లు పట్టీ పట్టీ, రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఆయన అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు ఆమెను తీసుకున్నారు. నిజానికి ఆయన అంతకు ఎన్నో ఏళ్ల ముందే చెవిటివాడు. కాగితాల మీద మాత్రం అన్నీ వినిపించేవి.

ఈ గనుల చుట్టూ అంతటా ఇదే తీరు. నలభైల్లో ఉన్నవాడికి చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అన్‌ఫిట్ అంటే పైపనికి పంపుతారు, గని లోపలి అలవెన్సు పోతుంది. అరవై దగ్గరపడగానే అదే మనిషికి ఉరుము కూడా వినపడదు. కొడుక్కి నౌకరీ రావాలి. ఈ రెంటి నడుమ చెవులు ఎప్పుడు పోయాయో, ఏ మిషను తిన్నదో ఎవరికీ పట్టదు.

కిటుకు అందరికీ తెలుసు. పరీక్ష గదికి అద్దం ఉంటుంది. ఇవతల శబ్దం మీట నొక్కినప్పుడల్లా సంధ్యారాణి భుజం కదులుతుంది. లోపలివాడు ఆ భుజం చూసి తన బటన్ నొక్కితే బల్బు వెలుగుతుంది. ఇన్నాళ్లూ ఆమె చూసీ చూడనట్టే ఊరుకుంది.

పోయిన వారం గనిలో పైకప్పు చిటపటమంటే జట్టంతా వెనక్కి ఉరికింది. డ్రిల్లు ఆపే ఉంది, అయినా భూపాల్ ఒక్కడే కదల్లేదు. జట్టులోని సంపత్ కాలరు పట్టి గుంజకపోతే బండ కింద ఉండేవాడు. ఆ మాట భూపాల్ ఇంట్లో చెప్పలేదు. సంపత్ పెళ్లాం చెప్పింది.

ఆ రోజు దవాఖానలో భూపాల్ వంతు వచ్చాక సంధ్యారాణి అద్దానికి అడ్డంగా పేపరు అంటించింది.

"ఇదేం పనే?"

"కూసో."

వెలగాల్సినప్పుడు బల్బు వెలగలేదు. సన్నని శబ్దాలకైతే అసలే లేదు. ఆమె మీట నొక్కకుండానే రెండుసార్లు వెలిగింది.

డాక్టర్ రవికాంత్ రిపోర్టు చూసి వెనక్కి ఇచ్చాడు. "ఆ పేపరు తీసి మళ్లీ చెయ్యమ్మా. మీ ఆయన గనిలో, రిటైరయ్యే వయసువాళ్లు తప్ప, ఇంతవరకు ఒక్క చెవుడు కేసూ లేదు. రక్షణ వారోత్సవాల్లో షీల్డు వాళ్లదే."

"షీల్డు చెవులకు కట్టుకుంటరా సార్? కేసు లేదని డ్రిల్లు మార్చరు, చెవులకు మూతలియ్యరు. మా నాయిన చెవులు తిన్నది గూడ గసొంటి డ్రిల్లే."

"మీ ఆయన జీతం నువ్వే కోసుకుంటావా?"

ఆమె రిపోర్టును మళ్లీ ఆయన ముందే పెట్టి బయటికి వచ్చింది. భూపాల్ దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఇంకొన్నేండ్లు ఆగితే గదే కాయితం మీద పిలగానికి నౌకరీ వస్తుండె. సంసారం ఎట్ల నడుస్తదనుకున్నవ్?"

"నువ్వుంటే గదా నడిచేది."

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తివి."

"గట్టిగ ఒర్రకు. నీకు తప్ప అందరికి వినవడుతున్నది."

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు నవ్వారు. సంధ్యారాణి వాళ్లవైపు తిరిగింది.

"మా ఆయన చెవులు పోయినయని రాసిన. అద్దం మీది పేపరు ఇగ తియ్య. పోయిన నెల ఫిట్ అయినోళ్లందరు సోమవారం మళ్ల రాండ్రి."