మస్కట్ నుంచి బొంబాయికి మూడు గంటలు

"సముద్రం దాటడానికి మూడు గంటలు కూడా పట్టదండీ!" అని నా పెళ్ళికి వారం ముందునుంచీ నాన్న కనబడినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాడు. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. పెళ్ళికొడుకు మస్కట్‌లో ఏసీ మెకానిక్. నాన్న అట్లాసు తెరిచి, మస్కట్ మీద ఒక వేలూ బొంబాయి మీద ఒక వేలూ పెట్టి, మధ్యనున్న నీలాన్ని చూపించేవాడు. వెయ్యి మైళ్ళ లోపేనట. గురువారం విమానం ఎక్కితే శనివారం సాయంత్రానికి నూజివీడులో ఉంటాడు. ఆదివారం పొద్దున ముహూర్తం.

శనివారం సాయంత్రం మగపెళ్ళివారు వచ్చారు. పెళ్ళికొడుకు రాలేదు.

మస్కట్‌కి ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను కలవలేదు. ఆదివారం తెల్లవారుతూనే మా మావయ్య హనుమాన్ జంక్షన్ వెళ్ళి, బెజవాడ నుంచి వచ్చే ప్రతి బస్సూ వెతికి, ఒక్కడే తిరిగొచ్చాడు. నాన్న పేపరు తీసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతకడం చూశాను. ఏం వెతుకుతున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నేను పెళ్ళిచీర కట్టుకుని గదిలో కూర్చుని ఉండగా, కాబోయే మామగారు గుమ్మంలోకి వచ్చి నాన్నతో అన్నారు.

"బావగారూ, ముహూర్తం తప్పితే మీకూ మాకూ పరువు పోతుందండీ. మా రెండోవాడున్నాడు, డిగ్రీ అయిపోయింది. వాణ్ణి పీటల మీద కూర్చోబెడదాం."

ఆయన వెనక ఆ రెండో అబ్బాయి గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాన్న నా వైపు చూశాడు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఒప్పుకోమనో, వద్దనో తెలియలేదు.

పెళ్ళిచూపులనాడు పెళ్ళికొడుకు నాతో ఒక్క మాటే అన్నారు. "ఇష్టం లేకపోతే నాకు చెప్పండి, మావాళ్ళకి నేను చెప్పుకుంటాను." నా ఇష్టం ఏమిటని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

"నేను ఒప్పుకుంది ఆయనకండీ," అన్నాను. "ఆయన కోసం చూస్తాను. రాకపోతే నాకీ పెళ్ళే వద్దు."

"ఆడపిల్ల మాట్లాడే మాటేనా ఇది?" అంది ఎవరో పెద్దావిడ.

నాన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అమ్మాయి మాటే మా మాట బావగారూ."

మేళం లేకుండానే ముహూర్తం గడిచిపోయింది. సగం మంది భోంచెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆ పగలూ రాత్రీ నేను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. రాడేమోనన్న భయం కంటే, ఆ సముద్రం మీద ఏమైందోనన్న భయమే ఎక్కువ.

సోమవారం మధ్యాహ్నం, మామిడికాయల కోసం తోటలకి వస్తున్న ఖాళీ లారీ మా వీధి చివర ఆగింది. మాసిన గడ్డంతో ఆయన దిగారు. ఇసుక తుఫానుకి విమానం కదల్లేదట. బొంబాయిలో రైలు తప్పిపోతే, దొరికిన రైల్లో నిలబడే వచ్చారట. నేరుగా నా దగ్గరికి వచ్చి, "కోపంగా ఉందాండీ?" అన్నారు. లేదందామనుకున్నాను. ఏడుపొచ్చింది.

బుధవారం ఇంకో ముహూర్తం దొరికింది. వాడిపోయిన పందిరి కిందే పెళ్ళయింది. మా మరిది గుప్పిళ్ళతో అక్షింతలు చల్లుతూనే ఉన్నాడు. మామగారు మాత్రం శ్రావణమాసం దాకా నాతో మాట్లాడలేదు.