కొల్లేటి గట్టు మీద గేర్ల సైకిలు

ఫోనులో మ్యాపుంటే చాలనుకోవడం నా తెలివితక్కువతనమే. చీకటి పడకముందే కైకలూరు చేరాలని ఏలూరులో గేర్ల సైకిలెక్కాను. సైకిలుకి లైటు లేదు, నాకు నిమ్మళం లేదు. చుట్టాలనుకున్నది కొల్లేరుని, చుట్టింది ఓ చేపల చెరువుని. ఆ గట్టు నన్ను తిప్పి తిప్పి మళ్ళీ ఇందాక దాటొచ్చిన కాపలా పాక దగ్గరికే తెచ్చింది.

“మళ్ళీ వచ్చారేంటండీ? మా చేపలు అంతగా నచ్చేశాయాండీ?” అన్నాడు కాపలాదారు, నులకమంచం మీంచి లేవకుండానే.

“దారి చెప్పండి బాబూ, పొద్దు గూకుతోంది.”

“ఆ తూము దాటి ఎడమకండీ. ఏదీ, ఓసారి తొక్కనివ్వండి.”

అన్నిటికన్నా తేలిక గేరు వేసి ఇచ్చాను. ఎంత తొక్కినా సైకిలు నత్తలా పాకింది.

“ఇదేంటండీ, కాళ్ళు పరిగెడుతున్నాయి, బండి కదలదే!”

“ఇంకా గట్టిగా తొక్కాలండీ” అని, గేరు సంగతి చెప్పకుండా, చీకటి పడితే పడనీ అనుకుంటూ అతని మంచం మీద కాళ్ళు బార్లా చాపాను.